మణికట్టు

మా ఆయన బతికి ఇంటికొచ్చారు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. 2021 ఏప్రిల్, మే నెలల కరోనా గురించి ఎవరు మాట్లాడినా కథ చావు దగ్గర ఆగుతుంది. మాది అక్కడ ఆగలేదు. అందుకే నేను ఏం చెప్పబోయినా బంధువులు "పోనీలే, మనిషి దక్కిండు గదా" అని మాట తుంచేసేవాళ్ళు. మా వీధిలోనే కొందరు దక్కలేదు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి నడుస్తూ నాదీ ఒక కష్టమేనని అనుకోవడానికి సిగ్గేసేది. దక్కిన మనిషి పక్కన పడుకోలేకపోవడం, చేయి పట్టుకుంటే ఆయన ఉలిక్కిపడటం, ఆ ఉలికిపాటు చూసి నా గుండె దడదడలాడటం, ఇవన్నీ ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకునే చోటు దొరికేసరికి ఆ ఏడాది వానలు మొదలయ్యాయి.

మాది ఖమ్మం పక్క పల్లె. పెళ్ళయినప్పటి నుంచీ మల్కాజిగిరిలోనే ఉంటున్నాం. ఆయన మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్లు చూస్తారు. నేను ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. రెండు గదులు, ఒక హాలు. అందులో మేమిద్దరం, ఇంటర్ చదివే కొడుకు, అత్తమ్మ. 2020 మార్చిలో బడి మూసినప్పుడు కొన్నాళ్ళు సగం జీతం ఇచ్చారు, తర్వాత అదీ లేదు. మాతో పనిచేసిన సోషల్ సారు బండి మీద కూరగాయలు అమ్మాడు. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు గానీ మార్చి 24 నుంచి మళ్ళీ మూసివేత. ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. "ఇచ్చేది మన పన్నే" అని ఆయనే వెళ్ళి స్కూటర్ మీద సంచి వేసుకొచ్చారు. ఆ వారంలోనే ఆయనకు జ్వరం తగిలింది.

ఆస్పత్రి గురించి ఎక్కువ రాయను. అప్పటి పేపర్లు చూసినవాళ్ళకు తెలియనిదేమీ కాదు. సీటీ స్కోరు 25కి 17 వచ్చింది. ఆక్సిజన్ 84కి పడింది. తిరిగిన మొదటి రెండు చోట్లా బెడ్ లేదన్నారు. మూడో చోట దొరికింది, లోపలికి తీసుకెళ్ళే ముందే అడ్వాన్సు కట్టించుకున్నారు. ఆంధ్రలో కరోనా చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉండేది, ఇక్కడ అప్పటికి లేదు. ఖమ్మంలో కొన్న ప్లాటు అమ్ముడుపోయింది.

ఐసీయూలోకి మమ్మల్ని రానివ్వలేదు. సెల్లార్‌లో టెంటు వేసి కుర్చీలు వేశారు, అందరం అక్కడే. సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పేవారు. ఓపికున్న నర్సు డ్యూటీలో ఉంటే తన ఫోన్లో వీడియో కాల్ చూపించేది. బైపాప్ మాస్కు కింద ఆయన ముక్కు మీద చర్మం కమిలిపోయి కనిపించేది. కళ్ళు నన్ను చూసేవి కావు, నా వెనకాల ఏదో చూసేవి.

ఒక అర్ధరాత్రి లోపలి నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, పేషెంట్ మాస్కు పీకేస్తున్నరు. చేతులు కట్టాల్సి వస్తది. మీరు ఓకే అంటే ఫైల్లో రాసుకుంటం." కట్టండి అన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. మాస్కు లేకపోతే ఆ రాత్రి గడవదు.

ఆయన్ని ఇంటికి పంపించే నాటికి రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మే 12 నుంచి మొదలు, మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకే సడలింపు. ఆ నాలుగు గంటల్లో పాలు, కొబ్బరి బోండాలు, ఇన్సులిన్ తెచ్చుకోవాలి. స్టెరాయిడ్లతో ఆయనకు షుగర్ ఆకాశానికి పోయింది. అప్పుడే బ్లాక్ ఫంగస్ భయం కూడా మొదలైంది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు క్యూలు టీవీలో చూపిస్తున్నారు. ఆయన ముక్కు చీదితే నేను టార్చి వేసి కర్చీఫు చూసేదాన్ని. ఆయన్ని లోపలి గదిలో ఉంచి, తలుపు ఓరగా తెరిచి, నేను హాల్లో అత్తమ్మ పక్కన పడుకునేదాన్ని. పడుకోవడమంటే ఆయన ఛాతీ లేస్తోందా పడుతోందా చూస్తూ కూర్చోవడమే. కదలిక సరిగా కనిపించకపోతే లేచి వెళ్ళి వేలికి ఆక్సీమీటర్ తగిలించేదాన్ని. 94. 95. మళ్ళీ 94. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి మూసుకునేవారు. ఏమీ అనేవారు కాదు.

ఐసొలేషన్ గడువు అయిపోయింది. నేను మాత్రం హాల్లోనే ఉండిపోయాను. ఆయన రమ్మనలేదు, నేను వెళ్ళలేదు. అత్తమ్మ కూడా ఏమీ అడగలేదు. పెద్దావిడ చూస్తూనే ఉందని నాకు తెలుసు.

జూన్‌లో ఒక రోజు ఇడ్లీ పిండి రుబ్బుతుంటే కింద రోడ్డు మీద అంబులెన్సు పోయింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే మెడలోని పుస్తెలు కదలడం నాకు కనిపించింది. నాకూ వచ్చేసింది, పిల్లాడు అనాథ అయిపోతాడు అనుకున్నాను. వీధి చివర క్లినిక్‌లో ఈసీజీ తీశారు, నార్మల్. "గ్యాసు, టెన్షనూ అమ్మా" అని నిద్రమాత్ర రాసిచ్చారు. దాంతో నిద్రపోయాను. నిద్రలో కూడా అంబులెన్సే.

అది రోజు మార్చి రోజు వచ్చేది. చివరికి తోటి టీచరు బలవంతం మీద ఒక సైకియాట్రిస్టుతో వీడియోలో మాట్లాడాను. ఫోన్లో డాక్టరుకు చూపించుకోవచ్చని మన దేశంలో స్పష్టమైన నియమాలు వచ్చింది 2020 మార్చి 25న, అంటే సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజున. ఆ కాగితమే రాకపోయి ఉంటే నాలాంటిది ఆ గడప తొక్కేది కాదు. హైదరాబాద్‌లో మనసు డాక్టరు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రే, అదీ తిట్టులాగా. ఆ డాక్టరు ఓపిగ్గా విన్నారు. ఎస్సిటలోప్రామ్ రాశారు, పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు. పనిచేసింది, అది ఒప్పుకోవాలి. దడ తగ్గింది. ఆ జాతి మందులతో కోరిక తగ్గొచ్చన్న మాట మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు. అడగడానికి అప్పుడు నా దగ్గర కోరిక ఉందో లేదో చూసుకునే తీరిక ఎక్కడిది?

మందు ఒక్కటే చాలదు, మాట్లాడే చికిత్స కూడా కావాలని ఆ డాక్టరే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడది వరంగల్. ఎంఫిల్ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు. మొదటి రోజే నేను "డాక్టరు గారూ" అంటే, "మందులు రాయను మేడమ్, మాట్లాడుతాను, వింటాను, పని ఇస్తాను" అన్నారు. పని ఇస్తాను అన్న మాట టీచర్ని కాబట్టి నచ్చింది. ఫీజు మా నెల కూరగాయల ఖర్చుకు దగ్గరగా ఉండేది. మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం అంటోంది. మా పాలసీలో ఆస్పత్రిలో చేరితేనే డబ్బు, ఫోన్లో ఏడ్చినదానికి లేదు. ఆవిడే తగ్గించుకున్నారు.

అసలు చిక్కు చోటు దగ్గర వచ్చింది. మాట్లాడటానికి తలుపేసుకునే గది ఏది? ఒక గదిలో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు. ఇంకో గదిలో ఎవరి గురించి మాట్లాడాలో ఆ మనిషే. హాల్లో అత్తమ్మ, టీవీ. ముందు కింద సెల్లార్‌లో స్కూటర్ మీద కూర్చుని మాట్లాడాను, సిగ్నల్ లేదు. తర్వాత టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన. అక్కడ ఒకరు బట్టలు ఆరేస్తారు, ఒకరు మిరపకాయలు ఎండబెడతారు. ఒకరోజు నేను ట్యాంకు వెనకాల నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే మూడో అంతస్తు ఆవిడ చూసి, మా ఆయన పోయారని అపార్ట్‌మెంటంతా చెప్పేసింది. అరగంటలో వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు. ఆయన ఫోన్లో కూడా ఆ గ్రూపు ఉంది. తన సంతాప సందేశాలు తనే చదువుకుని ఆ నెలల్లో మొదటిసారి నవ్వారు.

ఆ తర్వాత బడి గుర్తొచ్చింది. కరస్పాండెంట్‌ను అడిగి నోట్సులు దిద్దాలని చెప్పి తాళం తీసుకున్నాను. దుమ్ము పట్టిన ఆరో తరగతి గది. బోర్డు మీద మార్చి నెల తేదీ, నేను రాసిన ప్రకృతి, వికృతుల జాబితా అలాగే ఉంది. పిల్లలు కూర్చునే బెంచీ మీద మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా పడకగది సంగతులు వరంగల్ ఆవిడకు చెప్పాను. ఎవరైనా లోపలికి వస్తే "దిద్దడం అయిపోయింది మేడమ్" అనాలని మా మధ్య ఒప్పందం. ఆ మాట వినగానే ఆవిడ మాట మార్చేస్తారు. వాచ్‌మన్ నీళ్ళ బాటిల్ తెచ్చిన ప్రతిసారీ ఆ మాట పనికొచ్చింది.

ఒక సంగతి నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. ఆవిడ కూడా అదే వరదలో ఉన్నారు. ఒక రోజు కెమెరా ముందు కూర్చోగానే, "మా ఇంట్లో ఒక మరణం జరిగింది. నేను పని చేయగలను. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఇంకొకరి దగ్గరికి పంపిస్తాను" అన్నారు. ఎవరు పోయారో చెప్పలేదు. నేను అడగలేదు. తనకేమైందో దాచకుండా, అలాగని నా మీద వేయకుండా ఆవిడ అన్న ఆ నాలుగు మాటలు విన్నాకే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. మధ్యలో ఆవిడ దగ్గితే మాత్రం నాకు చెమటలు పట్టేవి. "ఇప్పుడు మీ మనసులో ఏం నడిచింది?" అని వెంటనే అడిగేవారు. దగ్గును కూడా పాఠం చేసేవారు.

చాలాసేపు భయం గురించే మాట్లాడేవాళ్ళం. అంబులెన్సు శబ్దం ఫోన్లో చిన్నగా పెట్టుకుని వినడం, దడ వచ్చినప్పుడు పారిపోకుండా అది ఎక్కి దిగేదాకా కూర్చోవడం, ఇలాంటివి. తర్వాత ఒక రోజు ఆవిడ ఉన్నట్టుండి అడిగారు. "పరీక్ష చేయడానికి కాకుండా మీరు ఆయన్ని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు?"

ఆలోచించాను. వేలికి ఆక్సీమీటర్. వేలి కొసన షుగర్ సూది. పొట్ట మీద ఇన్సులిన్. నుదుటి మీద చేయి, జ్వరం కోసం. మణికట్టు మీద వేళ్ళు, నాడి కోసం. ఆస్పత్రి నుంచి వచ్చాక నా చేయి ఆయన మీద పడిందంటే ఏదో ఒక అంకె కోసమే. ఆయన అక్కడ ఎవరి చేతుల్లోంచి బయటపడ్డారో, ఇంట్లో మళ్ళీ అవే చేతుల్లో పడ్డారు. కాకపోతే నాకు గ్లవ్స్ లేవు.

మణికట్టు సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూడటానికి మణికట్టు దగ్గరి ధమనిలోంచి రక్తం తీస్తారు, దాన్ని ఏబీజీ అంటారు. మోచేతి దగ్గర మామూలుగా తీసినట్టు కాదు, సూది లోతుకు పోతుంది, బాగా నొప్పి. ఐసీయూలో ఆయనకు అది పదే పదే చేశారు. కళ్ళు మూసుకుని ఉన్న మనిషికి ముందు తెలిసేది ఎవరో మణికట్టు పట్టుకోవడం, ఆ వెంటనే నొప్పి. రాత్రుళ్ళు నేను వెళ్ళి పట్టుకునేదీ సరిగ్గా అక్కడే.

ఆయన్ని కూడా మాట్లాడమంటే, "నన్ను ఎర్రగడ్డకు పంపిస్తవా?" అన్నారు. దానికి ఆవిడ వేరే దారి చూపించారు. ఐసీయూలో ఉన్నవాళ్ళకు రోజులు గుర్తుండవు, గుర్తున్నవి సగం భ్రమలు. నార్డిక్ దేశాల్లో నర్సులు, ఇంట్లోవాళ్ళు కలిసి ఆ రోజుల డైరీ రాసి, కోలుకున్నాక రోగికి ఇస్తారట. మీరు టీచరు కదా, రాయండి అన్నారు. లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, నా వాట్సాప్ మెసేజీలు, కాల్ లిస్టు, బిల్లులు ముందు పెట్టుకుని, తేదీలవారీగా రాశాను. ఈ రోజు ఎన్ని లీటర్ల ఆక్సిజన్, ఈ రోజు డాక్టరు ఏమన్నారు, సెల్లార్‌లో నా పక్క కుర్చీలో ఎవరున్నారు, పిల్లాడు ఏం తిన్నాడు. రాత్రి అన్నాలయ్యాక ఆయనకు చదివి వినిపించేదాన్ని, నా క్లాసులో పాఠం చదివినట్టే. ఆయన పై కప్పు చూస్తూ వినేవారు. మధ్యమధ్య తన వైపు నుంచి ముక్కలు కలిపేవారు. సీలింగు నిండా చీమలు కనిపించేవట. తెల్ల కిట్లు వేసుకున్నవాళ్ళంతా సినిమా తీస్తున్నారనీ, తనను డూపుగా పెట్టారనీ అనుకున్నారట. దీన్ని డెలిరియం అంటారని, ఐసీయూలో చాలామందికి వస్తుందని, పిచ్చి కాదని సైకాలజిస్టు నాకు చెప్పిన మాటలు నేను ఆయనకు చెప్పాను.

అర్ధరాత్రి ఫోన్ వచ్చిన తేదీ దగ్గరికి వచ్చాం. ఉన్నది ఉన్నట్టే రాశాను, ఉన్నది ఉన్నట్టే చదివాను. చేతులు కట్టాల్సి వస్తుందన్నారు, కట్టండి అన్నాను.

"ఆగు" అన్నారు. "నువ్వు చెప్పినవా?"

"చెప్పాను."

"ఆడొకడు అన్నడు, మీ వైఫ్ ఒప్పుకున్నరు అని. నేను అది కూడా చీమల లెక్కనే అనుకున్న."

లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టించుకున్నారు, తిన్నారు, అంతే. నేను అత్యవసరంగా మేడమ్‌కు ఫోన్ చేశాను. సర్ది చెప్పమంటారేమో, క్షమాపణ అడగమంటారేమో అనుకున్నాను. "ఆయన కోపం ఆయన్ని పడనివ్వండి. మీరు వివరణలు ఇవ్వకండి. అడిగితే చెప్పండి" అన్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు ఎవరూ అంత కష్టమైన పని ఇవ్వలేదు.

మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ ఆయనే అన్నారు. "అది నిజంగ జరిగిందంటే నాకు తల చెడలేదన్నట్టే గదా." ఆ మాటకు నేను సిద్ధంగా లేను. ఇన్ని నెలలూ ఆయన్ని లోపల తింటున్నది తాడు కాదు. తనకు గుర్తున్నవాటిలో ఏది జరిగిందో ఏది జరగలేదో తేల్చుకోలేక, తనకు మతి పోతోందని భయపడుతున్నారు. ఎవరికీ చెప్పకుండా లెక్కలు కూడుతూ, ఎక్కాలు వల్లిస్తూ తనను తాను పరీక్షించుకునేవారట. నేను ఆయన వేలికి ఆక్సీమీటర్ పెట్టి పరీక్షించిన రాత్రుళ్ళలోనే. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. "నీ జాగల నేనున్నా కట్టమనే అంటుంటి. అయినా కోపమొస్తది" అన్నారు. అది న్యాయమే అనిపించింది నాకు.

ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్ళలో నిద్రలేమి, మతిమరుపు, భయం, ఒళ్ళు నీరసం కలిసి ఉండిపోతే దానికి వైద్యంలో పేరే ఉంది, పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. ఇంట్లోవాళ్ళకు వచ్చేదానికీ అదే పేరు, చివర ఫ్యామిలీ అన్న మాట తగిలిస్తారు. అంటే మా ఇద్దరిదీ ఒకే జబ్బు, రెండు ముక్కలు. డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా, మళ్ళీ ఎప్పుడు రావాలన్న తేదీ ఉన్నాయి గానీ ఈ మాట ఎక్కడా లేదు.

ఆ చాయ్ మాటల తర్వాత ఆయన ఒకసారి స్పీకర్ ఫోన్లో మేడమ్‌తో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. అప్పుడు ఆవిడ ఇచ్చిన పని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం మాది. ఆయన అంత మామూలుగా రాసినదాన్ని నేను ఇప్పుడు దాచడం ఎందుకు?

అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో వేసిన పుస్తకంలోని పద్ధతి అది. మొదటి నియమం, సంభోగం నిషేధం. ఆవిడ అలా చెప్పగానే మా ఆయన ముఖంలో బరువు దిగిపోవడం చూశాను. నాకూ దిగింది. మందు వల్ల నాకు కోరిక లేదు, నీరసం వల్ల ఆయనకు నమ్మకం లేదు. ఇద్దరం ఆ పరీక్షకు హాజరు కావాల్సి వస్తుందనే వేర్వేరు గదుల్లో ఉండిపోయామని అప్పటిదాకా ఒకరికొకరం చెప్పుకోలేదు. రెండో నియమం, ఒకరు ముట్టుకోవాలి, ఇంకొకరు ఊరికే ఉండాలి, పావుగంటయ్యాక మారాలి. ముందు చేతులు, వీపు, జుట్టు, పాదాలు మాత్రమే. ఎదుటివాళ్ళకు హాయి కలిగించాలని చూడకూడదు. చర్మం వేడిగా ఉందా చల్లగా ఉందా, గరుకా నునుపా అని మాత్రం గమనించాలి. వద్దనిపిస్తే వద్దు అనాలి, అన్న వెంటనే ఆగాలి. మా కోసం ఆవిడ ఒకటి కలిపారు. మణికట్టు ఆయన అనుమతి లేకుండా పట్టుకోకూడదు, ఆ పావుగంటలో ఆక్సీమీటర్ గదిలోనే ఉండకూడదు. దాన్ని పిల్లాడికి ఇచ్చేశాను. సైకియాట్రిస్టుతో మాట్లాడి మందు మోతాదు సంగతి కూడా ఆవిడే కదిలించారు. ఆ డాక్టరు చూసి నెమ్మదిగా మార్చారు.

మొదటి ప్రయత్నం ఘోరంగా పోయింది. హాల్లో అత్తమ్మ దగ్గు, పక్క గదిలో కెమిస్ట్రీ క్లాసు, మేమిద్దరం నవ్వు ఆపుకోలేక ఆపుకుని, చివరికి చిరాకు పడి వదిలేశాం. నా చేయి తెలియకుండానే ఆయన ఛాతీ మీదకు పోయి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "లెక్కపెడుతున్నవ్" అన్నారు ఆయన, కళ్ళు మూసుకునే. కనిపెట్టేశారు.

సెప్టెంబర్‌లో బడులు తెరిచారు. అక్టోబర్‌లో బతుకమ్మకు అత్తమ్మ మా ఆడపడుచు ఇంటికి ఖమ్మం వెళ్ళింది. పోయేముందు సంచి సర్దుకుంటూ, "నేను నెల దాకా రాను బిడ్డా. పిల్లగాన్ని గూడ తోల్కపోత, దసరా సెలవులే గదా" అంది. ఎన్నడూ నెల ఉండని మనిషి. నేను తల దించుకుని సంచిలో సకినాలు పెట్టాను.

ఆ రోజుల్లో ఏం జరిగిందో పూర్తిగా రాయను. వీపు మీద చేయి వేసి ఏ అంకె కోసమూ కాకుండా కాసేపు ఉండగలిగాను. బైపాప్ పట్టీ ఒరుసుకున్న చోట ఆయన చెవుల వెనక చర్మం ఇంకా గరుకుగానే ఉంది. ఆయన నా అరిచేతి మీద సుద్దముక్క కాయను పట్టుకుని ఇదెప్పటి నుంచి ఉందని అడిగారు. పెళ్ళికి ముందు నుంచీ ఉంది. నిషేధం ఉన్నది మీరడానికే అన్నట్టు మేం నియమం ఎప్పుడు తప్పామో మేడమ్‌కు చెప్తే, "అందరూ తప్పుతారు" అని నవ్వారు.

అక్కడితో బాగైపోయిందని కాదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది, సంక్రాంతి సెలవులు పొడిగించి బడులు మళ్ళీ మూశారు. పిల్లాడికి జ్వరం, తర్వాత నాకు. మళ్ళీ మాస్కులు, మళ్ళీ వేర్వేరు పక్కలు. నాకు దడ తిరిగొచ్చింది. ఈసారి ఐసొలేషన్ ఏడు రోజులే అన్నారు. ఏడో రోజు దాటిన రాత్రి నేను అలవాటుగా హాల్లో చాప పరుస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "గడువయిపోయింది, అక్కడ పండుతవేంది?" అన్నారు. గొంతులో విసుగు. ప్రేమగా పిలిచి ఉంటే బహుశా ఏడ్చేదాన్ని, విసుగే మంచిదైంది.

కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. స్టాఫ్‌రూమ్‌లో పేపర్లో చదివాం. సోషల్ సారు తిరిగి ఉద్యోగంలో చేరాడు, "ఇంతేనా" అన్నాడు. ఆ లెక్కలో మా హాలు చాప ఎక్కడ వస్తుందో నాకు తెలియదు. ఆ ఏడాది అక్టోబర్‌లో కేంద్రం టెలిమానస్ అని మానసిక సాయానికి 14416 నంబరు మొదలుపెట్టింది, తెలుగులోనూ మాట్లాడతారు. నేను స్టాఫ్‌రూమ్ బీరువా తలుపుకు లోపలి వైపు రాసి అంటించాను. బయట అంటిస్తే కరస్పాండెంట్ పీకేస్తారు.

అత్తమ్మ మాత్రం ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఆ ఫోన్ల మాట్లాడే మేడం మా అసోంటోళ్ళతోటి గూడ మాట్లాడుతదా?" అని అడిగింది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ ఏం మాట్లాడాలనుకుందో నాకు చెప్పలేదు. ఫోన్ కలిపి ఇచ్చి, లోపలి గది ఖాళీ చేసి, మేం ముగ్గురం వీధిలోకి వెళ్ళాం.

నా మందు నెమ్మదిగా తగ్గించి ఆపేశారు. ఆయన షుగర్ మాత్రం స్టెరాయిడ్లతో వచ్చి అలాగే ఉండిపోయింది. మూడు నెలలకోసారి పరీక్ష చేయించాలి. ఆస్పత్రి మెట్లు ఎక్కనంటారు, కాబట్టి ల్యాబ్ అబ్బాయి ఇంటికే వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఇద్దరికీ పేచీ. గ్లవ్స్ తీసేసి రక్తం తియ్యమని ఈయన, తీస్తే మా సార్లు ఊరుకోరని ఆ పిల్లవాడు. పోయినసారి సూది బయటికి కూడా తీయకుండానే వెళ్ళిపోయాడు. శనివారం పొద్దున మళ్ళీ వస్తానన్నాడు, పరగడుపున ఉండమని చెప్పాడు.